బొచ్చు పక్క పుల్లీకి

పనికి గౌరవం ఉందని ముందు చెప్పిందెవరు? ఈ ప్రశ్న అడక్కుండా మనం ఈ చర్చలోకి దిగకూడదు. చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. బడిలో విన్నాను. గాంధీ జయంతి రోజు చీపురు పట్టుకుని ఫోటో దిగే సభల్లో విన్నాను. పంతులుద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ స్టాఫ్ రూముల్లో విన్నాను. చెప్పినోళ్ళలో ఎక్కువమంది చేతికి మట్టి అంటనోళ్ళే. "ఏ పనీ చిన్నది కాదు" అన్న పెద్దమనిషి, ఆ చిన్నది కాని పనికి తన కొడుకుని పంపటం నేనైతే చూళ్ళేదు.

మనవైపు నుంచి దీనికి గట్టి జవాబే ఉంది. 1927లో మహాడ్ సభలో డాక్టర్ అంబేద్కర్ మనవాళ్ళకి చచ్చిన గొడ్లని మొయ్యటం మానుకోమనీ, ఆ మాంసం మానుకోమనీ చెప్పాడు. కులమంటే పనుల్ని పంచుకోవటం కాదు, పనిచేసే మనుషుల్నే అంతస్తులుగా విడగొట్టటం అని 1936లో రాశాడు. అదే ఏడు గాంధీగారు హరిజన్ పత్రికలో ఆదర్శ భంగీ ఎట్లా ఉండాలో రాశాడు. పాకీ పనిని ఆకాశానికెత్తటం అంటే ఆ పనిలో ఉన్నవాణ్ణి అందులోనే ఉంచెయ్యటానికి తియ్యటి మాట చెప్పటమేనని 1945లో వచ్చిన పుస్తకంలో అంబేద్కర్ కుండ బద్దలు కొట్టాడు. ఆ పని చేయించటాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. అయినా మ్యాన్‌హోల్లో దిగి ఊపిరాడక చచ్చేవాడు ఇప్పటికీ మనవాడే. వాడి శవం ముందు నిలబడి పనికి గౌరవం ఉందని ఎవరన్నా చెప్పగలిగితే నేను దండం పెట్టి పక్కకి జరుగుతాను.

ఇంతవరకూ నాకు అనుమానం లేదు. అనుమానం పుట్టింది మా వాకిట్లో, ఒక డీజిలు వ్యాను ముందు.

వ్యాను మా తమ్ముడి కొడుకుది. పాతది. బ్యాంకు లోను మీద కొన్నాడు. వారంలో ఆరు రోజులు కూరగాయలు, ముహూర్తాల్లో పెళ్ళి సామాన్లు. కొన్నాళ్ళుగా పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే కీచుమని అరవటం మొదలుపెట్టింది. కాసేపటికి ఊరుకునేది. "పెదనాన్నా, అదే సర్దుకుంటందిలే" అన్నాడు వాడు. సర్దుకోదు. ఆ కీచు ఫ్యాన్ బెల్టు జారుతున్న చప్పుడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఇట్లాంటి పాత ఇంజను ముందు మూడు పుల్లీలు ఉంటాయి. అడుగున ఉండేది క్రాంకు పుల్లీ, ఇంజను తిరిగితే అది తిరుగుద్ది. పైది వాటర్ పంపుది, దాని ముందే ఫ్యాను. పక్కన ఉండేది బ్యాటరీకి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుది. మూడింటినీ చుట్టి ఒకే ఒక్క రబ్బరు బెల్టు. అది తెగిందా, నీళ్ళు తిరగవు, ఫ్యాను ఆగుద్ది, ఇంజను కాగిపోద్ది, గాస్కెట్టు పోద్ది, హెడ్డు వంగుద్ది. డీజిలు ఇంజనుతో ఇంకో తంటా ఉంది. పెట్రోలు ఇంజనుకి మల్లే దానికి నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని అదిమితే పుట్టే వేడికే డీజిలు మండుద్ది. అందుకని బెల్టు తెగినా బండి ఆగదు. నడుస్తానే ఉంటది, లోపల ఉడికిపోతా ఉంటది. డ్రైవరు మీటరు వైపు చూడకపోతే ఇంతే సంగతులు. అంతేకాదు, చాలా డీజిలు బళ్ళలో బ్రేకుకి సాయం చేసే వాక్యూం పంపుని ఆల్టర్నేటరు వెనకే బిగిస్తారు. బెల్టు పోతే ఆ సాయమూ పోద్ది. నాలుగుసార్లు తొక్కేసరికి పెడలు రాయిలాగా గట్టిపడుద్ది. నిండు లోడుతో ఘాటు దిగేవాడికి అదేంటో నేను చెప్పక్కర్లేదు.

నేను పంతులు కాకముందు ఐటిఐలో డీజిల్ మెకానిక్ చదివాను. పానాలు ఇంకా ఇంట్లో ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వ్యాను వేపచెట్టు కింద పెట్టించి, ఇంజను చల్లారినాక మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించాను. చాలామంది ఇది చెయ్యరు. ఆల్టర్నేటరు వెనకున్న లావుపాటి వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటది, పానా దానికి తగిలి బాడీకి ఆనిందంటే నిప్పులు రాల్తయి. తర్వాత ఆల్టర్నేటరు అడుగు బోల్టు వదులు చేసి, పైన గాడిలో ఉండే బోల్టు వదులు చేసి, దాన్ని ఇంజను వైపుకి తోశాం. బెల్టు వదులైంది. పుల్లీల మీద నుంచి తప్పించి, ఫ్యాను రెక్క మీద నుంచి రెక్క మీదికి దాటిస్తా బయటికి తీశాం.

పాత బెల్టుని తిరగేసి వంచి వాడికి చూపించాను. లోపలి పక్క అడ్డంగా పగుళ్ళు. పక్కలు అద్దంలాగా నున్నగా మెరుస్తున్నయి. ఆ మెరుపు చూసి మావాడు "బాగానే ఉందిగా పెదనాన్నా" అన్నాడు. అక్కడే ఉంది కిటుకు. ఈ బెల్టు వి ఆకారంలో ఉంటది. దాని పట్టంతా పక్కల్లో ఉంటది, అడుగున కాదు. పుల్లీ గాడిలో ఆప్పులాగా దిగి, రెండు పక్కలా ఒరుసుకుని పట్టుకుంటది. పక్కలు అరిగి అడుగు గాడికి ఆనిందంటే ఎంత బిగించినా జారుద్ది. పుల్లీ గాళ్ళని గుడ్డతో తుడిచాం. గాడిలో నూనె మరకుంటే కొత్త బెల్టు కూడా జారుద్ది. పాతదాని పక్కన కొత్తది పెట్టి పొడుగూ వెడల్పూ సరిచూసుకున్నాం. ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి కుళ్ళగించబోయాడు మావాడు. ఆపాను. అట్లా చేస్తే బెల్టు లోపలున్న దారాలు తెగుతాయి. పైకి కొత్తగానే కనపడుద్ది, పనిలో ఉండగా తెగుద్ది. ఆల్టర్నేటరుని ఇంకొంచెం లోపలికి తోస్తే చాలు, చేత్తోనే ఎక్కుద్ది. తర్వాత టామీ రాడ్డుతో ఆల్టర్నేటరుని బయటికి లాగి పట్టుకుని బోల్టులు బిగించాం. రాడ్డుని దాని వెనక పలచటి అల్యూమినియం మూత మీద ఆనించకూడదు, పగులుద్ది. రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్నచోట బొటనవేలితో నొక్కితే బెల్టు అర అంగుళం లొంగాలి. వదులుగా ఉంటే జారుద్ది, మరీ బిగిస్తే పంపు బేరింగుని తినేస్తది.

ఈ పని జరుగుతుండగానే, నాతోపాటు పంతులుగా చేసి రిటైరయిన ఒకాయన స్కూటరు మీద పోతా ఆగాడు. ఊరివైపు మనిషి. నేను వ్యాను కింద పడుకుని ఉన్నాను, మోచేతుల దాకా మడ్డి. వంగి చూసి నవ్వాడు. "ఏం మాస్టారూ, రిటైరయినా చేతులు ఊరుకోవట్లేదా? ఎంతైనా రక్తంలో ఉంటదిలెండి" అన్నాడు. మంచిగానే అన్నాననుకున్నాడు.

సాయంత్రం హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను. వాడి పెదనాన్న కొడుకో తమ్ముడి కొడుకో ఎవరో ఒకరు అప్పటికే వార్త చేరేశారు. "నాన్నా, తాత పట్టిన ఆరె నువ్వు పట్టకూడదని గదా నిన్ను చదివించింది. నువ్వు మళ్ళీ నేల మీద పడుకోవటం ఏంటి? మెకానిక్కుకి మూడొందలు పడేస్తే పోద్ది" అన్నాడు. వాడిది ప్రేమ.

ఒకరిది ఎకసెక్కం, ఒకరిది ప్రేమ. రెండు మాటల్లోనూ ఉన్నది ఒకటే. మడ్డి అంటిన చెయ్యి మా కులం చెయ్యి అని ఒకాయన గుర్తుపట్టాడు. మా కులం చెయ్యికి ఇంక మడ్డి అంటకూడదని మావాడు కోరుకున్నాడు. మధ్యలో ఆ పనేంటో, దానిలో ఏం తెలియాలో ఇద్దరికీ పట్టలేదు. ఆ రాత్రి నాకు మా అయ్య గుర్తొచ్చాడు. ఎందుకంటే ఆయన కూడా బెల్టులే బాగుచేశాడు.

మా అయ్య తోలుపని మనిషి. తంగేడు చెక్క, సున్నం, లంద, ఆరె, రంపి. ఈ మాటలు తెలియని దళిత పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు, దానికి నాకు బాధ లేదు. చెప్పులు, మోట బొక్కెన, దాని తొండం, ఎద్దుల పట్టెడలు అన్నీ ఆయన చేతి మీదే పోయేవి. ఊళ్ళో రైసుమిల్లు ఉండేది. ఆయిలింజను నుంచి మిల్లుకి అడ్డబెల్టు, ఆ రోజుల్లో తోలుది. అతుకు ఊడినప్పుడల్లా మా అయ్యకి కబురొచ్చేది. మిల్లులోపల ధాన్యం రాసులు ఉంటయి గాబట్టి ఆయన లోపలికి పోకూడదు. బెల్టునే బయటికి తెచ్చి చెట్టు కింద పడేసేవాళ్ళు. నాకు పదేళ్ళుంటయి, ఆరె అందించటానికి నన్ను తీసకపొయ్యేవాడు.

ఆయన చేసే పని ఇదీ. ముందు రెండు కొసల్నీ రంపితో ఏటవాలుగా చెక్కి పలచన చేసేవాడు. ఒకదాని మీద ఒకటి పెడితే మందం పెరగకూడదు. తర్వాత ఆరెతో ఎదురుబెదురుగా బెజ్జాలు. నానబెట్టిన తోలువారుతో కుట్టు. ముడి ఎప్పుడూ బయటి పక్కే. బెల్టులో కొత్త ముక్క వెయ్యాల్సొస్తే వీపు తోలే వేసేవాడు. "పొట్టతోలు సాగుద్దిరా, వారం తిరక్కుండా వదులైపోద్ది" అనేవాడు. ఇక బెల్టు ఎక్కించేటప్పుడు కేకేసి చెప్పే మాట ఒకటుంది: "బొచ్చు పక్క పుల్లీకి, మాంసం పక్క బయటికి." తోలుకి ఒక పక్క ఒకప్పుడు బొచ్చున్న నునుపు, రెండో పక్క మాంసానికి అంటుకున్న గరుకు. ఎవరైనా గరుకు పక్కే పట్టు ఉంటదనుకుంటారు. కాదు, నునుపు పక్కే ఇనుముని గట్టిగా పట్టుకుంటది. లోపల ఇంజను స్టార్ట్ చేసేవాళ్ళు. మా అయ్య చెట్టు కిందే నిలబడి చెవి పెట్టి వినేవాడు. అతుకు ఎత్తుగా ఉంటే పుల్లీ మీదికొచ్చినప్పుడల్లా టప్పు టప్పుమని కొడుద్ది. ఆ చప్పుడు లేదంటే కుట్టు కుదిరినట్టు. తను కుట్టిన బెల్టు తిరగటం ఆయన కళ్ళతో ఎప్పుడూ చూళ్ళేదు. వినేవాడు.

కూలి ఏంటంటే నూకలు. పంచె కొంగు పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్ళు. లోపల ఇంజను చూసుకునే ఆయన్ని మేస్త్రీగారు అనేవాళ్ళు, నెలకి జీతం. మా అయ్యని ఒరే అనేవాళ్ళు. దసరాకి ఆయుధపూజ చేసేవాళ్ళు మిల్లులో. ఇంజనుకి బొట్టు, పుల్లీకి బొట్టు, మా అయ్య కుట్టిన బెల్టుకి కూడా కుంకం బొట్టు. బెల్టుకి దక్కిన గడప మా అయ్యకి దక్కలేదు.

పది తర్వాత నేను ఐటిఐలో చేరాక, వర్క్‌షాపు పాఠాల్లో బెల్టుల మీద పాఠం వచ్చింది. అందులో తోలు బెల్టు గురించి ఉన్నది చదివి నేను కాసేపు కదల్లేకపొయ్యాను. బొచ్చు పక్కని పుల్లీకి ఆనించాలి, వీపు తోలు శ్రేష్ఠం, కొసల్ని ఏటవాలుగా చెక్కి అతకాలి. మా అయ్య చెట్టు కింద నిలబడి కేకేసిన మాటలే. పుస్తకంలో ఉంటే అది ఇంజనీరింగు. మా అయ్య నోట్లో ఉంటే మాదిగపని. ఆ పుస్తకం అచ్చేసినోళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళెవరో మా అయ్యకి తెలియదు, మా అయ్య వాళ్ళకి తెలియదు. ఒకే సంగతిని తోలుతో కుస్తీ పట్టిన ప్రతివాడూ ఎక్కడికక్కడ కనిపెట్టాడు. కానీ కనిపెట్టినవాళ్ళందరికీ ఒకే గతి పట్టలేదు.

మా తమ్ముడి కొడుకు వ్యానుకి వేసింది ఫెన్నర్ బెల్టు, మధురై కంపెనీది. ఆ ఫెన్నర్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1861లో ఇంగ్లండులో హల్ అనే రేవు పట్నంలో ఫెన్నర్ అనే ఆయన తోలు బెల్టులు చేసే వ్యాపారం పెట్టాడు. అమెరికాలో డెన్వరులో గేట్స్ అన్నదమ్ములు. 1911లో వాళ్ళు కొన్న చిన్న కంపెనీ కారు టైర్లకి తోలు తొడుగులు చేసేది, మిగిలిన తోలుముక్కలతో గుర్రాలకి తలపట్టాలు కుట్టేది. 1917లో అందులోనే జాన్ గేట్స్ రబ్బరుతో వి బెల్టు చేశాడు. చూశారా? ఇద్దరి వ్యాపారమూ తోలుతో మొదలైందే. తోలు నుంచి రబ్బరుకి, రబ్బరు నుంచి ప్రపంచమంతా పాకిన కంపెనీలకి వాళ్ళు నడిచిపొయ్యారు. మా ఊరి మిల్లుకి గుడ్డ పొరల రబ్బరు బెల్టు, ఇనప క్లిప్పులు వచ్చినప్పుడు మా అయ్యకి కబుర్లు ఆగిపొయ్యాయి. అంతే. మోటలు పోయి మోటార్లు వచ్చాయి, బొక్కెనలూ పొయ్యాయి. తంగేడు చెక్కతో పదును చేసిన మద్రాసు తోళ్ళు ఓడలెక్కి లండను బజారుకి పొయ్యిన కాలం ఒకటుంది. తోలు పోయింది, పని తెలిసిన మనిషి వాడలోనే ఉండిపొయ్యాడు. ఎందుకంటే హల్‌లో తోలు కుట్టేవాడికి బ్యాంకు గడప ఎక్కటానికి పుట్టుక అడ్డం కాలేదు. మనకి మిల్లు గడపే అడ్డమయ్యింది.

ఇప్పుడు అసలు చిక్కు. కాదనే వీలున్నవాడి పనికే గౌరవం అని నేను చాలా సభల్లో వాదించాను. ఇప్పటికీ అదే అంటాను. 2016లో గుజరాతులో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మనవాళ్ళని బట్టలూడదీసి కొట్టినప్పుడు, అక్కడి దళితులు పశువుల కళేబరాల్ని తెచ్చి ఆఫీసుల ముందు పడేశారు, ఇంక మేం ఎత్తం అన్నారు. ఆ ఎత్తం అన్న మాటతో ఊళ్ళకి ఊళ్ళు కంగారుపడ్డాయి. కాదనటంలో ఉన్న బలం అది. నేను వ్యాను కింద పడుకున్నప్పుడు నాకా బలం ఉంది. పింఛను వస్తది. ఇష్టం లేకపోతే లేచి చేతులు కడుక్కుని ఇంట్లోకి పోతాను. మూడొందలు పడేసే స్తోమత కూడా ఉంది. అందుకని నా మడ్డి నాకు ముద్దొస్తది.

మరి మా అయ్య? ఆయనకి కాదనే వీలు లేదు. కబురొస్తే పోవాలి. వీలున్నవాడికే గౌరవం అని నేను గీత గీస్తే, ఆ గీతకి అవతల పడేది మా అయ్యే. అప్పుడు ఆయన చప్పుడు లేకుండా కుట్టిన అతుకు ఏమయినట్టు? దాన్ని కూడా వాళ్ళకే ఇచ్చేసినట్టు గదా. అవమానంతో పాటు తెలివిని కూడా పాతిపెట్టినట్టు. వెలివేసినోళ్ళు చేసింది సరిగ్గా అదే. చేతినీ, చేతిలో ఉన్న చదువునీ కలిపి ఒకటే మైల అన్నారు. ఆ మైల నుంచి బయటపడే తొందరలో మనం కూడా రెంటినీ కలిపి పారేస్తున్నామేమో.

కంచ ఐలయ్య 1996లో వచ్చిన పుస్తకంలో మన కులాల పనుల్లో ఉన్న జ్ఞానాన్ని జ్ఞానమని పిలిచాడు. 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో తోలుపని, చాకలిపని, కుమ్మరిపని శాస్త్రాలుగా చెప్పాడు. ఆ మాటలు కొందరు మిత్రులకి రుచించవు. మళ్ళీ కులవృత్తిలోకే తోస్తారా అంటారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. కులవృత్తి గొప్పదనే పాట పాడినోడు ప్రతిసారీ చివర్లో మన పిల్లల్ని బడి మానిపించటానికే చూశాడు. కానీ తేడా ఉంది. తెలివి ఆయనది, ఆ తెలివికి కట్టిన పేరు వాళ్ళది. మా అయ్యకి ఆరె పట్టటం వచ్చు. నూకలకి కొంగు పట్టటం ఆయనకి రాలేదు, పట్టించారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నంతమాత్రాన ఒకటే అవ్వవు. 1994లో మా ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా మోగినప్పుడు మనవాళ్ళు పేర్ల చివర మాదిగ అని రాసుకోవటం మొదలుపెట్టారు గదా. అప్పుడు చాలామందికి అది అర్థం కాలేదు, తిట్టుని తగిలించుకుంటారేంటి అన్నారు. పేరుని తిట్టు నుంచి విడగొట్టటం అది. చేతిని కూడా అట్లా విడగొట్టాలి. ఇది పేరు కంటే కష్టం. పేరు రాసుకోవటానికి పెన్ను చాలు.

మా అబ్బాయికి ఇదంతా ఫోనులో చెప్పాను. వాడు కాసేపు విని, "నీకు పింఛను ఉంది గాబట్టి ఈ మాటలొస్తున్నయి నాన్నా" అన్నాడు. అదీ నిజమే. వ్యాను నడిపేవాడికి ఆదివారం పొద్దున మూడొందలు మిగలటం తత్వం కాదు, ఆ వారం కిస్తీలో భాగం. నేను వాడికి నేర్పింది గౌరవం కోసం కాదు, ఇంకోసారి రోడ్డు మీద ఆగిపోకుండా ఉండటానికి.

మర్నాడు లోడు దించి వచ్చాక బోల్టులు మళ్ళీ చూడమన్నాను. కొత్త బెల్టు మొదటిరోజు కొంచెం సాగుద్ది, తిరిగి బిగించాలి. వాడే చూసుకున్నాడు. బొటనవేలు పెట్టి నొక్కి, అర అంగుళం కంటే ఎక్కువ లొంగితే ఒక పిసరు బిగించాడు. నన్ను పిలవలేదు.

నెల తిరక్కుండా, ఆ స్కూటరు మాస్టారింటి నుంచి కబురొచ్చింది. వాళ్ళ పాత డీజిలు జీపు కీచుమంటందట, మీవాణ్ణొకసారి పంపండి మాస్టారూ అని. నేను ఆ మాట వాడికి చేరేశాను, ఇంకేం చెప్పలేదు. వాడు ఆయనకే ఫోను చేశాడు. "రేపూ ఎల్లుండీ కూరగాయల లోడు ఉంది సార్. బుధవారం అయితే వస్తా. బెల్టు మీరే తెచ్చుకోండి, నాకు నాలుగొందలు" అన్నాడు. ఆయన బుధవారం దాకా ఆగలేదు, టౌను నుంచి మెకానిక్కుని పిలిపించుకున్నాడు. మావాడు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మా అయ్యకి ఒక్కసారి అట్లా బుధవారం వస్తానని చెప్పే వీలు దొరికుంటే ఏం చేసేవాడా అని ఆలోచిస్తా ఉంటాను. బహుశా చెప్పి కూడా ఆ సాయంత్రమే పొయ్యేవాడు. ఎవరో కుట్టిన అతుకు టప్పు టప్పుమని కొడుతుంటే ఆయనకి నిద్ర పట్టేది కాదు.